ఏ గదికి ఏ గచ్చు: ఇంటి నేల ఎంచుకోవడం ఎలా

ఇంటికి నేల ఎంచుకోవాలనుకోగానే చాలామంది నేరుగా షోరూముకి బయల్దేరతారు. ఒక్క పూట ఆగండి. షోరూములో టైల్ గోడకి ఆనించి ఉంటుంది. పైనుంచి లైట్లు పడుతుంటాయి. దాని మీద ఎవరూ నడవరు, చుక్క నీరు పడదు. మీ ఇంటికి వచ్చాక అదే టైల్ మీద నీళ్లు ఒలుకుతాయి, నూనె చిందుతుంది, చెప్పులతో ఇసుక వస్తుంది, కుర్చీలు ఈడుస్తారు. పెద్దవాళ్లు అర్ధరాత్రి లైటు వేయకుండా దాని మీదే నడుస్తారు. గోడ రంగు నచ్చకపోతే మళ్లీ వేయించుకోవచ్చు. నేల నచ్చకపోతే సామాను బయటపెట్టి పగలగొట్టించాలి. అందుకే ఈ పనిలో అందం సంగతి చివరికి పెట్టుకోండి. ముందు ఏ గది నేల మీద ఏం పడుతుందో, ఆ నేల కింద ఏముందో చూసుకుంటే సగం సరుకు దానంతటదే పక్కకి తప్పుకుంటుంది.

మొదటి పని: గదికో చీటీ రాయండి

కాగితం, కలం, కొలిచే టేపు పట్టుకుని ఇల్లంతా ఒకసారి తిరగండి. ఒక్కో గదికీ ఒక్కో చీటీ. దాని మీద గది పొడవు వెడల్పులతో పాటు ఈ సంగతులు రాయండి: ఇక్కడ నీళ్లు రోజూ పడతాయా, అప్పుడప్పుడా, అసలు పడవా? నూనె, సబ్బు పడతాయా? బయటి ఇసుక, మట్టి నేరుగా వస్తాయా? కిటికీలోంచి ఎండ గంటల తరబడి నేల మీద పడుతుందా? బరువైన సామాను ఉంటుందా, దాన్ని జరుపుతుంటారా? ఇక్కడ నడిచేవాళ్లలో చిన్నపిల్లలు, వయసు మళ్లినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఉన్నారా?

ఆఖరి ప్రశ్నకి జవాబు అవును అయితే దాని కింద గీత గీయండి. మిగతా ఏ లోటు ఉన్నా సర్దుకోవచ్చు, జారే నేలతో సర్దుకోలేం.

రెండో పని: కింద ఏముందో పరీక్షించండి

పైన వేసేది ఎంత మంచిదైనా కింద నేల బాగోకపోతే నిలవదు. ఈ మెట్టు దాటేసినవాళ్లే తర్వాత ఎక్కువ బాధపడతారు కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ముందు చెమ్మ. ముఖ్యంగా కింది అంతస్తులో భూమిలోని తేమ కాంక్రీటు గుండా పైకి వస్తుంది. అడుగున్నర పొడవు, అంతే వెడల్పు ఉన్న మందపాటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తీసుకుని, నేల మీద పరిచి, నాలుగు అంచులూ గాలి చొరకుండా టేపుతో అంటించండి. కనీసం 16 గంటలు వదిలేసి తీయండి. షీటు లోపలి వైపు నీటి బిందువులు కనిపించినా, కింద కాంక్రీటు నల్లబడినా చెమ్మ ఉన్నట్టే. అలాంటి చోట చెక్క గానీ, చెక్కలా కనిపించే లామినేట్ పలకలు గానీ వేయించకండి. వినైల్ అనే ప్లాస్టిక్ పలకలు అతికించినా జిగురు వదిలేస్తుంది. ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో చూసి ఆపించాలి. కొత్త స్లాబు అయితే కనీసం 28 రోజులు గడవనివ్వండి. అది కాంక్రీటు గట్టిపడే గడువు మాత్రమే, లోపలి తడి పూర్తిగా ఆరడానికి ఇంకా చాలాకాలం పడుతుంది. చెక్క వేయించే ఉద్దేశం ఉంటే ఆ తేడా గుర్తుంచుకోవాలి.

తర్వాత మట్టం. పొడవాటి తిన్నని అల్యూమినియం బద్దని నేల మీద అన్ని దిక్కుల్లోనూ పెట్టి చూడండి. 10 అడుగుల పొడవులో 3 మిల్లీమీటర్లకి మించి ఎత్తుపల్లాలుంటే పెద్ద టైల్స్ వేసే ముందు నేలని సరిచేయించక తప్పదు. లేకపోతే పక్కపక్క టైల్స్ అంచులు ఒకటి పైకీ ఒకటి కిందకీ వచ్చి కాలి వేళ్లకి తగులుతుంటాయి. చిన్న టైల్స్ అయితే కొంత వంపుని ఓర్చుకుంటాయి.

పాత నేల మీదే కొత్తది వేయాలనుకుంటే మూడు విషయాలు చూడాలి. కర్రతో నేలంతా తట్టుకుంటూ వెళ్లండి. గుల్లగా మోగిన చోటల్లా టైల్ వదిలేసిందని అర్థం, దాన్ని తీసేయాలి. కొత్త నేల మందం కలిస్తే తలుపులు తెరుచుకుంటాయో లేదో కొలవండి. ఇక పై అంతస్తు అయితే బరువు లెక్క కూడా చూడాలి. 20 మిల్లీమీటర్ల రాయి చదరపు మీటరుకి 54 కిలోల దాకా తూగుతుంది, కింద వేసే సిమెంటు మడ్డి బరువు వేరే. స్లాబు దాన్ని మోస్తుందో లేదో ఇంజనీరు చెప్పాలి, మేస్త్రీ కాదు.

ఇంకొక మాట. మీ పాత ఇంట్లో మొజాయిక్ గచ్చు ఉంటే పగలగొట్టించే ముందు ఒక మూల పాలిష్ పట్టించి చూడండి. పాలరాతి ముక్కలు సిమెంటులో కలిపి పోసిన ఆ నేల మందంగా ఉంటుంది, పై పొర అరగదీస్తే కొత్తదానిలా బయటపడుతుంది. అంత గట్టి నేలని చెత్తలో పారబోసి, పల్చటి ప్రింటు టైల్ తెచ్చి వేసుకోవడం నాకైతే మనసొప్పదు.

మూడో పని: సరుకు గుణం తెలుసుకోండి

టైల్స్ అన్నీ ఒకటి కావు. వాటిని వేరుచేసేది అవి ఎంత నీరు పీలుస్తాయన్నది. బాగా ఎక్కువ వేడిలో కాల్చి గాజులా గట్టిపరిచిన విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చదు. నేలకి వాడే మామూలు సిరామిక్ టైల్ 3 నుంచి 10 శాతం దాకా పీలుస్తుంది. గోడ టైల్స్ 10 శాతం పైనే. కొట్లో నమ్మకం కుదరకపోతే టైల్‌ని తిరగేసి వెనక వైపు నాలుగు చుక్కల నీళ్లు వేయండి. గోడ టైల్ అయితే చూస్తుండగానే ఇంకిపోతాయి, విట్రిఫైడ్ అయితే అలాగే నిలిచి ఉంటాయి. గోడ టైల్‌ని ఏ గదిలోనూ నేలకి వాడకండి, బరువు పడితే పగులుతుంది.

విట్రిఫైడ్‌లోనూ రకాలున్నాయి. ఫుల్ బాడీ టైల్‌కి పైనుంచి కింది దాకా ఒకటే రంగు ఉంటుంది, కాబట్టి పెచ్చు ఊడినా అంతగా కనిపించదు. డబుల్ చార్జ్ టైల్ పైన 3, 4 మిల్లీమీటర్ల మందాన రంగు పొర ఉంటుంది. రద్దీ ఉన్న చోట ఇది బాగా ఆగుతుంది, కానీ డిజైన్లు తక్కువ. గ్లేజ్డ్ విట్రిఫైడ్ టైల్‌కి పైన పల్చటి ప్రింటు, దాని మీద గాజులాంటి పూత, అంటే గ్లేజు, ఉంటాయి. పాలరాయిలా, చెక్కలా కనిపించేవన్నీ దాదాపు ఇవే. అందంగా ఉంటాయి, గీత పడితే మాత్రం లోపలి రంగు బయటపడుతుంది. గ్లేజు ఎంత అరుగుదలకి ఆగుతుందో చెప్పడానికి పీఈఐ అనే కొలత ఉంది, 0 నుంచి 5 దాకా. పడకగదికి 2 లేదా 3 సరిపోతుంది, హాలుకీ వంటగదికీ 3 లేదా 4, గుమ్మం దగ్గర 4 కంటే తక్కువ తీసుకోకండి.

ఇక జారడం సంగతి. టైల్ వివరాల్లో ఆర్9, ఆర్10, ఆర్11 అని రాసి ఉంటుంది. ఆర్9 అంటే పదికి తొమ్మిది మార్కులేమో అనుకునే ప్రమాదం ఉంది. ఈ కొలత మొదలయ్యేదే ఆర్9 దగ్గర, ఆర్13 దాకా వెళ్తుంది. అంటే ఆర్9 అన్నిటికంటే తక్కువ పట్టు ఉన్నది. పైగా ఈ పరీక్ష నూనె పోసిన వాలు బల్ల మీద బూట్లు వేసుకున్న మనిషిని నడిపించి చేస్తారు. తడి నేల మీద వట్టి కాళ్లతో నడిచే చోటుకి ఇంకో కొలత ఉంది, ఏ, బీ, సీ అని మూడు తరగతులు. 12 డిగ్రీల వాలు దాకా పట్టు నిలిస్తే ఏ, 18 దాకా నిలిస్తే బీ, 24 దాకా నిలిస్తే సీ. స్నానాల గదికి టైల్ కొనేటప్పుడు అడగాల్సింది ఈ రెండోదాని గురించి. అమ్మేవాళ్లు “యాంటీ స్కిడ్డే సార్” అంటే సరిపోదు, అంకె చూపించమనండి.

రాళ్ల విషయానికొస్తే, పాలరాయి చల్లగా, కంటికి నిండుగా ఉంటుంది, కానీ మెత్తని రాయి. గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలతలో పాలరాయి 3, 4 మధ్య ఉంటుంది. ఇసుకలో ఉండే స్ఫటికం 7. అంటే చెప్పుకి అంటుకొచ్చిన ఇసుక రేణువు పాలరాయిని గీయకుండా వదలదు. పులుపు తగిలితే ఇంకా చేటు. పాలరాయి కాల్షియం కార్బొనేటు కాబట్టి నిమ్మరసం, వెనిగర్ పడిన చోట మెరుపు పోయి మచ్చ పడుతుంది. సీలర్ అనే రక్షణ పూత పూస్తే మరకలు ఇంకడం తగ్గుతుంది గానీ ఈ పులుపు మచ్చని అది ఆపలేదు. గ్రానైట్ గట్టిదనం 6, 7 మధ్య ఉంటుంది, పులుపుకి చలించదు. రాయి అసలు ఏదన్న అనుమానం వస్తే నమూనా ముక్క మీద నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలాగి తుడవండి. మెరుపు తగ్గితే అది సున్నపురాయి జాతిదే. నాపరాయి కూడా ఆ జాతే. అయితే పాలిష్ పట్టని నాపరాయికి సహజంగానే పట్టు ఉంటుంది, దెబ్బలకి ఓర్చుకుంటుంది.

చెక్కలో మూడు దారులు. అచ్చమైన చెక్క పలకలు తేమకి ఉబ్బుతాయి, ఎండకి ముడుచుకుంటాయి. ఇంజినీర్డ్ చెక్కలో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికించి ఉంటాయి కాబట్టి ఆ కదలిక తక్కువ. కొనేటప్పుడు పైన అసలు చెక్క పొర మందమెంతో అడగండి, దాన్ని బట్టే భవిష్యత్తులో ఎన్నిసార్లు చిత్రిక పట్టించగలరో తేలుతుంది. లామినేట్ మీద కనిపించేది చెక్క బొమ్మ ముద్రించిన కాగితం, కింద చెక్కపొడిని గట్టిగా నొక్కి చేసిన పలక. గీతలకి బాగా ఆగుతుంది, అతుకుల్లోకి నీళ్లు దిగితే అంచులు ఉబ్బుతాయి, మళ్లీ అణగవు. దీనికి అరుగుదలకి ఎంత ఆగుతుందో చెప్పే ఏసీ3, ఏసీ4 లాంటి గుర్తులుంటాయి. ఇంట్లోకి ఏసీ3 చాలు, రద్దీ ఎక్కువైతే ఏసీ4 చూడండి.

వినైల్‌లో ఇప్పుడు ఎస్‌పీసీ అనే రాతిపొడి కలిపిన పలకలు ఎక్కువ వాడుతున్నారు. నీళ్లు పడితే పలకకి ఏమీ కాదు, కానీ గోడ అంచుల నుంచి నీరు కిందికి దిగితే అక్కడే ఉండిపోయి వాసనొస్తుంది. పైన ఉండే అరుగుదల పొర పడకగదికి 0.3 మిల్లీమీటర్లు సరిపోతుంది, రద్దీ గదికి 0.5 తీసుకోండి. గంటల కొద్దీ నేరుగా ఎండ పడే చోట వినైల్ వ్యాకోచించి అతుకులు లేస్తాయి, రంగు వెలుస్తుంది. రబ్బరు అడుగున్న పట్టాలు దాని మీద వేసి ఉంచితే పసుపురంగు మరకలు పడతాయి, అవి పోవు.

నాలుగో పని: చీటీలు ముందు పెట్టుకుని గది గదికీ నిర్ణయించండి

స్నానాల గదితో మొదలుపెట్టండి, తప్పు జరిగితే ఎక్కువ నష్టం అక్కడే. మెరుపు లేని మ్యాట్ ఫినిష్ విట్రిఫైడ్ గానీ, 3 శాతం దగ్గర్లో నీరు పీల్చే మంచి సిరామిక్ గానీ తీసుకోండి. వట్టి కాళ్ల కొలతలో బీ కంటే తక్కువ వద్దు. సైజు చిన్నదైతే మేలు. అడుగు టైల్ లేదా ఇంకా చిన్నది వేస్తే జాయింట్లు ఎక్కువగా వస్తాయి, ఆ గీతలే కాలికి పట్టునిస్తాయి. అదీగాక నీళ్లు పోయే జాలీ వైపు నాలుగు దిక్కుల నుంచీ వాటం ఇవ్వడం చిన్న టైల్స్‌తోనే శుభ్రంగా కుదురుతుంది. రెండడుగుల టైల్‌ని నాలుగు వాలులకి కోసి పెడితే ఎక్కడో ఒకచోట నీళ్లు నిలుస్తాయి. వాటం మీటరుకి 1 నుంచి 2 సెంటీమీటర్లు ఉండాలి. స్నానాల గది నేల పక్క గది నేల కంటే కొంచెం కిందకి ఉండాలి. అయితే ఇంట్లో పెద్దవాళ్లుంటే అక్కడ ఎత్తైన గడప పెట్టించకండి, ఆ మెట్టు అంచు రంగు తేడాతో స్పష్టంగా కనిపించేలా చూడండి.

టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ పూత నేల మీదే కాకుండా గోడ మీదకి కూడా జానెడు ఎత్తున ఎక్కించాలి. పూత ఆరాక జాలీ మూసేసి, రెండంగుళాల ఎత్తున నీళ్లు నిలబెట్టి, కనీసం 24 గంటలు చూడండి. కింది గది సీలింగులో తడి కనిపించకపోతేనే టైల్స్ మొదలుపెట్టనివ్వండి. పని ఆలస్యమవుతోందని ఎవరెంత తొందరపెట్టినా ఈ ఒక్క రోజుని వదులుకోకండి.

వంటగదిలో నీళ్లకి నూనె తోడవుతుంది. నిగనిగలాడే టైల్ మీద నూనె చుక్క కనిపించదు, కాలు పెడితే తెలుస్తుంది. అలాగని మరీ గరుకుగా ఉన్నది వేస్తే జిడ్డు ఆ గరుకులో ఇరుక్కుని ఎంత రుద్దినా పోదు. చేత్తో తడిమితే మెత్తగా ఉండి, తడి వేలితో రాస్తే ఆగే మ్యాట్ విట్రిఫైడ్ ఇక్కడ కుదురుతుంది, ఆర్10 చూడండి. ఇక్కడ టైల్ కన్నా ముందు పాడయ్యేది టైల్స్ మధ్య సందులు నింపే గ్రౌటు. సిమెంటు గ్రౌటు నూనె పీలుస్తుంది. రెజిన్‌తో చేసిన ఎపాక్సీ గ్రౌటు పీల్చదు. అది వేయడం కష్టం, ఆరకముందే తుడవాలి కాబట్టి చేయి తిరిగిన మనిషి కావాలి. అయినా వంటగదికీ స్నానాల గదికీ దానికే నా ఓటు. పాలరాయి ఇక్కడ వద్దు, ఎవరు చెప్పినా వద్దు.

హాలు అందరూ చూసేదీ, అందరూ తిరిగేదీ. ఇక్కడ మెరుపు కావాలనిపిస్తే తప్పులేదు, కానీ గుమ్మం లోపల మొదటి ఐదారడుగుల సంగతి వేరుగా ఆలోచించండి. ఇసుకంతా అక్కడే రాలుతుంది, వానాకాలం తడి కాళ్లు అక్కడే పడతాయి. ఆ మేరకు గరుకు టైల్ గానీ గ్రానైట్ గానీ వేసి, గుమ్మం బయటొకటి, లోపలొకటి పెద్ద పట్టాలు వేస్తే మిగతా హాలు మెరుపు చాలా ఏళ్లు నిలుస్తుంది. హాలుకి డబుల్ చార్జ్ విట్రిఫైడ్ నమ్మకమైనది. గ్రానైట్ అంతకంటే మొండిది. పాలరాయి వేసుకోవాలనే కోరిక గట్టిగా ఉంటే కొన్నేళ్లకోసారి పాలిష్ పట్టించడానికి సిద్ధపడి వేసుకోండి. అందుకు ఇష్టం లేకపోతే పాలరాతి డిజైన్ ఉన్న గ్లేజ్డ్ టైల్ తీసుకోండి.

పడకగదిలో నీళ్లు పడవు, ఇసుక తక్కువ, పొద్దున లేవగానే కాలు తగిలేది నేలకే. చెక్క, లామినేట్, వినైల్ పెట్టుకోదలిస్తే అవి రాణించే గది ఇదే. టైల్, రాయి మన కాలి వేడిని తొందరగా లాగేసుకుంటాయి కాబట్టి చల్లగా తగులుతాయి, చెక్క అలా లాగదు. వేడి ప్రాంతంలో ఉండేవాళ్లకి ఆ చల్లదనమే సుఖం, చలి ప్రాంతంలో అదే ఇబ్బంది. స్నానాల గది పడకగదికి ఆనుకుని ఉంటే ఆ తలుపు ముందు లామినేట్ వేయకండి, తడి కాళ్లు పడే మూడడుగుల మేర టైల్ గానీ ఎస్‌పీసీ గానీ ఉండాలి. పిల్లల గదికి అడుగున మెత్తటి పొర ఉన్న వినైల్ బాగుంటుంది. పడ్డా దెబ్బ తక్కువ, కింది అంతస్తుకి చప్పుడు తక్కువ.

పెద్దవాళ్ల గదిలో మెరుపు పనికిరాదు. కిటికీ వెలుగు నేల మీద మెరిస్తే తడి ఉందో లేదో వాళ్లకి తెలియదు. ముదురు లేత రంగుల పెద్ద డిజైన్లు కూడా వద్దు. చూపు మందగించినవాళ్లకి ముదురు రంగు గడి గుంటలా కనిపించి అడుగు తడబడుతుంది. ఒకే రంగు, మ్యాట్ నేల, గదికీ వరండాకీ మధ్య ఎత్తు తేడా లేకుండా.

బాల్కనీ, డాబా, బయటి మెట్లకి ఆర్11 అడగండి. గ్రానైట్ అయితే పాలిష్ పట్టనిది, మంటతో కాల్చి గరుకు చేసినది. ఎండలో ముదురు రంగు నేల మీద కాలు పెట్టలేం, లేత రంగు ఎంచుకోండి. నీటి వాటం ఇంటి వైపు కాకుండా బయటికి ఉందో లేదో చూడండి. మెట్ల అంచులకి గాడి కోయించడం మరవకండి.

ఐదో పని: నమూనా ఇంటికి తెచ్చి హింసించండి

ప్రతి గదికీ రెండు మూడు రకాలు తేలాక ఒక్కో ముక్క ఇంటికి తెచ్చుకోండి. ఆ గదిలోనే నేల మీద పెట్టి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైటు కింద చూడండి. నీళ్లు పోసి వట్టి కాలితో రుద్దండి, సబ్బు నీళ్లతో మళ్లీ రుద్దండి. కాఫీ, నూనె వేసి రాత్రంతా వదిలి పొద్దున తుడవండి. చిటికెడు ఇసుక వేసి చెప్పుతో తిప్పండి. తట్టుకున్నదే మీది. రంగు విషయంలో ఒక అనుభవం చెప్తాను: మరీ తెల్లటి నేల మీద వెంట్రుక కనిపిస్తుంది, మరీ నల్లటి నేల మీద దుమ్ము కనిపిస్తుంది. మధ్యరకం రంగు, కాస్త కలగాపులగంగా ఉన్న గీతలు అయితే రెండు పూటలా తుడవకపోయినా ఇల్లు శుభ్రంగా ఉంటుంది. గ్రౌటు టైల్ కంటే ఒక ఛాయ ముదురుగా తీసుకోండి.

ఆరో పని: లెక్క కట్టి, ఒకే బ్యాచ్ కొనండి

12 అడుగులకి 14 అడుగుల గది అనుకుందాం. 168 చదరపుటడుగులు. కోతల్లో పోయేదానికి 10 శాతం కలిపితే 185. రెండడుగుల టైల్స్ నాలుగున్న పెట్టెలో సుమారు 15.5 చదరపుటడుగులు వస్తాయి, కాబట్టి 12 పెట్టెలు. టైల్స్‌ని మూలగా పరిస్తే కోతలు పెరుగుతాయి, 15 శాతం కలపండి. గోడ అడుగున అంచుగా వేసే స్కర్టింగ్ ముక్కలకి వేరే లెక్క. ఒకటి రెండు పెట్టెలు మిగిలేలా కొనడం దుబారా కాదు. కొన్నేళ్లు పోయాక అదే డిజైన్ దొరికినా అదే ఛాయ దొరకదు.

ప్రతి పెట్టె మీదా బ్యాచ్ నంబరు, ఛాయ గుర్తు, సైజు గుర్తు ఉంటాయి. దింపుకునేటప్పుడే అన్నీ కలుస్తున్నాయో లేదో చూడండి. వేరే బ్యాచ్ పెట్టె ఒకటి కలిస్తే గది మధ్యలో రంగు మారిన చారలా కనబడుతుంది. వేశాక కొట్టువాడు వెనక్కి తీసుకోడు.

వేర్వేరు నేలలు కలిసే చోట కూడా ఇప్పుడే లెక్క వేయాలి. టైల్, దాని కింద అడెసివ్ అనే జిగురు కలిపి ఒక మందం వస్తుంది. లామినేట్, దాని కింద ఫోము కలిపి ఇంకో మందం. రెండూ పూర్తయ్యాక ఒకే మట్టానికి రావాలంటే కింద నేలని ముందే ఎంత ఎత్తుకి పోయాలో మేస్త్రీకి చెప్పాలి. రెండిటి అతుకు తలుపు మూసినప్పుడు సరిగ్గా తలుపు రెక్క కిందకి వచ్చేలా పెట్టించండి. ఏ గదిలోంచి చూసినా పక్క గది నేల కనిపించదు.

ఏడో పని: వేసేటప్పుడు దగ్గరుండండి

విట్రిఫైడ్ టైల్ నీరు పీల్చదు. అందుకే సిమెంటు పాలు దానిలోకి చొరబడి పట్టుకోలేవు, కాలక్రమేణా వదిలేస్తుంది. దానికి టైల్ అడెసివ్ వాడాలి, పళ్ల తాపీతో ఒకే దిక్కుకి గీతలు లాగి పరచాలి. నాలుగు మూలల్లో నాలుగు ముద్దలు పెట్టి టైల్ బోర్లించడం చూస్తే వెంటనే ఆపించండి. మధ్యలో ఖాళీ మిగులుతుంది, ఏదైనా బరువైనది పడితే అక్కడే పగులుతుంది. పని మొదలైన కాసేపటికి అప్పుడే వేసిన టైల్ ఒకటి పైకి తీయించి వెనక వైపు చూడండి. పొడి గదుల్లో 80 శాతం, తడి గదుల్లో 95 శాతం మేర అడెసివ్ అంటుకుని ఉండాలి. ఇలా అడిగితే మేస్త్రీ నొచ్చుకుంటాడేమో అని మొహమాటపడకండి. మంచి పనివాడికి ఇది అవమానం అనిపించదు.

జాయింట్ లేకుండా అంటించి వేయమని అడగకండి. అంచులు సమంగా కోసిన టైల్స్‌కి 2 మిల్లీమీటర్లు, మామూలు వాటికి 3 మిల్లీమీటర్లు సందు ఉండేలా మధ్యలో స్పేసర్లు అనే చిన్న ముక్కలు పెట్టాలి. గోడల చుట్టూ సన్నటి ఖాళీ వదిలి స్కర్టింగ్‌తో మూయాలి. నేల వేడికి కొద్దిగా పెరుగుతుంది. పెరగడానికి చోటు లేకపోతే ఒకరోజు గది మధ్యలో టైల్స్ చప్పుడుతో పైకి లేచి విరుగుతాయి. పెద్ద హాల్లో ప్రతి 20, 25 అడుగులకీ, ఎండ నేరుగా తగిలే చోట 12 అడుగులకీ ఒక జాయింటుని గ్రౌటుతో కాకుండా సాగే సీలెంటుతో నింపించండి. చెక్క డిజైన్ ఉన్న పొడవాటి టైల్స్‌ని ఇటుకల్లా సగం సగం జరిపి వేయకండి. అవి మధ్యలో కొంచెం వంగి ఉంటాయి, ఒకదాని ఎత్తైన చోటు పక్కదాని పల్లానికి ఆనుకుంటుంది. మూడో వంతు జరిపితే ఆ తేడా తగ్గుతుంది.

చెక్క, లామినేట్ పలకల పెట్టెల్ని వేయబోయే గదిలోనే 48 గంటలు పడుకోబెట్టి ఉంచాలి. గోడల చుట్టూ 8 నుంచి 10 మిల్లీమీటర్ల ఖాళీ తప్పనిసరి. స్నానాల గదిలో పైపులు మూసేయకముందే టేపు పక్కన పెట్టి ఫొటోలు తీసుకోండి. తర్వాత ఎప్పుడైనా మేకు కొట్టాల్సి వస్తే పైపు ఎక్కడుందో తెలుస్తుంది.

ఎనిమిదో పని: వేశాక మొదటి వారం

గ్రౌటు మరుసటి రోజు కంటే ముందు పట్టనివ్వకండి. అడెసివ్ సంచి మీద రాసిన గడువు దాటాకే బరువైన సామాను ఎక్కించండి. బీరువా, మంచం కాళ్లకి ఫెల్టు ముక్కలు అంటించండి. ఆఖరి రోజు సిమెంటు మరకలు పోవడానికి కొందరు పనివాళ్లు యాసిడ్ పోస్తారు. పాలరాయినీ నాపరాయినీ అది తినేస్తుంది, సిమెంటు గ్రౌటుని కూడా గుల్ల చేస్తుంది. వద్దని ముందే చెప్పి, గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బు ద్రావణంతోనే కడిగించండి. లామినేట్‌ని పిండిన గుడ్డతోనే తుడవాలి, ఆవిరి మాపు దాని జోలికి పోకూడదు.

మిగిలిన టైల్స్‌ని పెట్టెలోనే అంచు మీద నిలబెట్టి, తడి తగలని చోట దాచండి. పెట్టె మీద గది పేరు, కొన్న తేదీ, గ్రౌటు రంగు నంబరు పెద్ద అక్షరాలతో రాయండి. బ్యాచ్ నంబరున్న అట్టముక్కని కత్తిరించి ఇంటి కాగితాల్లో పెట్టుకోండి.